అడిగి ఆడించే కోచ్

7 జనవరి 2007, ఆదివారం

నా పేరు రజియాబీ. వయసు డెబ్బై దాటింది; ఎంత దాటిందో లెక్క పెట్టినవాళ్ళు లేరు. పుట్టింది రాజోలిలో, తుంగభద్ర ఒడ్డున. మెట్టింది గద్వాల. మా ఆయన అబ్దుల్ ఖాదర్ పోయి చాలా కాలమైంది. ఇంట్లో నేను, కొడుకు జమీల్, మనవడు ఇర్ఫాన్, ఒక బర్రె. కోడలు తహసీన్, ఇర్ఫాన్ నడక నేర్వకముందే కామెర్లతో పోయింది. వాడి వేలు పట్టి నడక నేర్పింది నేను. ఈ మాట మొదటే రాయమన్నాను, ఎందుకంటే వాడి కాళ్ళ గురించే నా కేసు.

నాకు చదువు రాదు. పక్కింటి యమున అంగన్‌వాడీ టీచరు. పిల్లల్ని ఇళ్ళకు పంపాక వచ్చి మా అరుగు మీద కూర్చుంటుంది. నేను చెప్తాను, తను రాస్తుంది. నా మాటను బడి తెలుగు చేసి రాస్తుంది, ఇంట్లో మేం ఉర్దూలో అనుకున్నది కూడా. చేయనీ. తిట్లు మాత్రం తీసేయొద్దన్నాను. ఇది ఎవరికీ చూపించేది కాదు. నాకే.

"కేసు అంటున్నవు, ఎవరి మీద అవ్వా?" అంది యమున.

"కొత్త కోచ్ మీద."

"ఏం జేసిండు?"

"ఇంకేం చెయ్యలే. చేస్తడు."

"చెయ్యకముందే కేసు రాస్తరా?"

"అయినంక రాస్తే ఏం లాభమే? రాయి."

మా ఇంటి వెనకే మైదానం. ఒకప్పుడు ఊరి పిల్లలు సరదాకు బంతి తన్నుకునేవాళ్ళు. ఇప్పుడది జీతాల జట్టు. పత్తి విత్తనాల సేట్లు కొందరు కలిసి పెట్టారు. హైదరాబాద్ దాకా పోయి ఆడతారు. ఇర్ఫాన్ అందులో గోల్స్ కొట్టేవాడు. వాడికి ఇరవై ఏళ్ళు.

బక్రీద్ అయిన మరునాడు కొత్త కోచ్ దిగాడు. నర్సింహులు తన హోటల్లో అందరికీ ఉత్త పుణ్యానికి చాయ్ పోశాడు. "ఈయన మనసు తెల్సినోడు. పోరగాండ్లను కొట్టడు, తిట్టడు. ఇగ చూడుండ్రి మన జట్టు సంగతి" అన్నాడట.

పాత కోచ్ కట్టె పట్టుకుని తిరిగేవాడు. వాడు దిగిన రోజు కూడా ఇదే నర్సింహులు ఇదే చాయ్ పోశాడు. "కట్టె పట్టినోడే కావాలె, మనోళ్ళు దెబ్బకు గాని దారికి రారు" అన్నాడు. నాకు గుర్తుంది. కొత్త కుండలో నీళ్ళు ఎవరింట్లోనైనా చల్లగానే ఉంటాయి.

10 జనవరి

నేను ఆ ఆట చూడను. మిరపకాయలు ఆరబోయడానికి మిద్దె ఎక్కాను. అక్కడి నుంచి మైదానం కనిపిస్తే అది నా తప్పు కాదు.

కోచ్ పేరు ఆశీర్వాదం. సికింద్రాబాద్ మనిషి. యాభై ఉంటాయి. బట్టతల, మెత్తటి గొంతు. పాతవాడు ఈల ఊదితే మా బర్రె పాలు ఎగ్గొట్టేది. ఈయన మెడలో ఈల వేలాడుతుంది, ఊదడు. పక్కకు పోయిన బంతులు తనే ఏరుకొస్తాడు. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి తనూ దుమ్ములో చతికిలబడతాడు. కెప్టెన్ ఎవరు కావాలో మీరే చేతులెత్తి చెప్పండి అన్నాడట. పెద్దరికం చేతికిస్తే దాన్ని పంచిపెట్టేవాడు, రేపు తప్పును కూడా పంచిపెడతాడు.

ఆ తర్వాత ఒక్కొక్కడి ముందు గొంతుక్కూర్చుని పిక్కలు, మోకాళ్ళు వత్తి చూశాడు. ఇర్ఫాన్ దగ్గర ఎక్కువసేపు ఉన్నాడు.

నాకు ఎడ్ల సంత గుర్తొచ్చింది. సంతలో ఎద్దుకు వంకలు పెట్టి తిట్టేవాడితో భయం లేదు, వాడు బేరం కోసం తిడతాడు. నోరు మెదపకుండా గంగడోలు నిమిరేవాడున్నాడే, తాడు విప్పుకుని పోయేది వాడు.

"దెబ్బలున్నయేమో అని చూస్తడు అవ్వా" అంది యమున.

"సంతల కూడ గందుకే చూస్తరు" అన్నాను.

12 జనవరి, శుక్రవారం

ఇర్ఫాన్ అన్నం తింటూ తనలో తనే నవ్వాడు. ఏంటంటే "ఏం లే దాదీ" అన్నాడు. కోచ్ వీడితో ఏదో అన్నాడు. ఏమన్నాడో కనుక్కోవాలి.

15 జనవరి

నిన్న ఎక్కడో బయట ఊరిలో ఆడి ఓడిపోయి వచ్చారు. ఓడిపోయి ఇంత సంబరం చేసుకున్న ఊరిని నేను చూడలేదు.

సంగతేమిటంటే, ఆట అయ్యాక కోచ్ పిల్లలందరి ముందు నిలబడి "తప్పు నాది" అన్నాడట. హోటల్‌కు పాలు పోయడానికి పోయినప్పుడు నర్సింహులు నాకు ఆ మాట ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"రజియవ్వా, ఎంత పెద్ద మనసు! ఓడినందుకు నన్ను అనుండ్రి, పోరగాండ్లను అనకుండ్రి అన్నడంట. గిట్లాంటి మనిషిని యాడన్న చూసినవా?"

"చూసిన. తప్పు నాది అని ముందుగాల్నే అనేటోనికి ఎవ్వరు జుల్మానా ఎయ్యరు. అందుకే అంటడు."

"నీ నోట్ల నుంచి మంచి మాట ఎప్పుడొస్తదో అల్లాకే ఎరుక."

"నీ చాయ్‌ల పాలు ఎప్పుడొస్తయో అది కూడ ఆయనకే ఎరుక" అని వచ్చేశాను.

ఇర్ఫాన్ నవ్విన కారణం తెలిసింది. కోచ్ వాడిని "ఇర్ఫాన్, నువ్వు చెప్పు, నీకెక్కడ ఆడాలనుంది?" అని అడిగాడట. ఇంతవరకు వాడిని ఎవరూ ఏదీ అడగలేదట. నేను రోజూ అడుగుతాను, అన్నం పెట్టాలా అని.

19 జనవరి

కోచ్ మా ఇంటికొచ్చాడు. ఆడేవాళ్ళందరి ఇళ్ళకూ తిరుగుతున్నాడట. జమీల్ సైకిల్ షాపు మూసి మరీ వచ్చాడు. కుంటుకుంటూ కుర్చీ తెచ్చి తుడిచి వేశాడు. కోచ్ కుర్చీలో కూర్చోలేదు, నా ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"ఇర్ఫాన్ ఆట గురించి మీరేం అనుకుంటున్నారమ్మా?"

"నేను చూడను."

"దాదీ మిద్దె మీదికెళ్ళి చూస్తది సార్" అన్నాడు ఇర్ఫాన్. వాడి వీపు మీద ఒకటి వేశాను.

కోచ్ నవ్వాడు. "నేను పిల్లల మీద ఏదీ రుద్దనమ్మా. వాళ్ళ ఆట వాళ్ళది. వాళ్ళు ఏం చేయగలరో వాళ్ళకే బాగా తెలుస్తుంది. నేను అడుగుతానంతే."

జమీల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా జమానాల మీరుంటే సార్..." అని ఎడమ మోకాలు తడుముకున్నాడు. జమీల్ కూడా ఆడేవాడు. ఇర్ఫాన్ కన్నా బాగా ఆడేవాడని నర్సింహులు ఇప్పటికీ అంటాడు. ఆ సంగతి ఇక్కడ అవసరం లేదు.

పోయేముందు కోచ్ తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించాడు. ఇంటికొచ్చిన చుట్టం గ్లాసు కడగడు. కడిగాడంటే వాడు ఇంట్లో నుంచి ఏదో తీసుకుపోవడానికే వచ్చాడు.

"మంచోని లెక్కనే ఉన్నడు అవ్వా" అంది యమున.

"లెక్కనే" అన్నాను. ఆ మాట కింద గీత గీయమన్నాను. గీసింది.

22 జనవరి

గెలిచారు. ఇర్ఫాన్ రెండు కొట్టాడు. రెండోది ఎడమకాలితో, గోల్‌కీపర్ కుడివైపు దూకాక నింపాదిగా నెట్టాడు. ఇలా అని చెప్పుకున్నారు.

ఊరంతా కోచ్ పేరే. క్షౌరశాలలో, కూరగాయల బండ్ల దగ్గర, దర్గా మెట్ల మీద. ఇక పై తరగతికి ఎక్కుతామట. ఇర్ఫాన్‌ను చూడటానికి పట్నం నుంచి పెద్ద క్లబ్ మనుషులు వస్తారట. జమీల్ హోటల్లో బెంచీ ఎక్కి మాట్లాడాడట. కుంటికాలితో బెంచీ ఎక్కాడు. నేను అక్కడ ఉండి ఉంటే దింపేదాన్ని.

24 జనవరి

భీమయ్య వచ్చాడు. మా ఆయనకు జోడీ మనిషి. ఇద్దరూ కలిసి బండలాగుడు పందేలకు ఎడ్లను తయారు చేసేవాళ్ళు. ఇప్పుడు చూపు సగం పోయింది, నోరు మాత్రం అలాగే ఉంది.

"ఊరందరు ఆ కోచ్‌ను పొగుడుతుంటే నువ్వొక్కదానివి గులుగుతున్నవంట?"

"భీమయ్యా, నీ జన్మల ఎన్నడన్న ఎద్దును అడిగి బండ కట్టినవా?"

భీమయ్య చాలాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఎద్దు ఒద్దనదు వదినా" అన్నాడు. "మంచిగ లాగే ఎద్దు అస్సలే ఒద్దనదు. ఎర్రోడు అన్నడా?"

ఎర్రోడు మా ఆయన పెంచిన ఎద్దు. ఒక పందెంలో వాడి మూపు లోపల చిట్లింది. పైకి ఏమీ కనిపించలేదు. వాడు లాగుతూనే ఉన్నాడు. మా ఆయన చెర్నాకోల ఎత్తనైనా లేదు. వాడే లాగుతున్నాడు, వాడికే ఉబలాటంగా ఉంది అన్నాడు. లాగే ఎద్దు అబద్ధాలకోరు. దాని నొప్పి దాని కళ్ళ చివర తప్ప ఎక్కడా కనిపించదు.

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. కాడి కట్టేది మగవాడు. కుడితి కుండ తెచ్చేది ఇంటి ఆడది. ఆమె కుండ తెచ్చి గెనెం మీద, అంటే చేని గట్టు మీద, దించిందంటే అరక ఇడవాలి, ఎడ్లను కాడి నుంచి విప్పేయాలి. సాలు సగంలో ఉన్నా సరే, వాన ముంచుకొస్తున్నా సరే. పటేలు ఎడ్లకూ అదే కట్టు. ఎందుకంటే మగవాడికి ఇంకొక్క సాలు, ఇంకొక్క సాలు అనిపిస్తూనే ఉంటుంది. ఎద్దు ఒద్దనదు. ఎవరో ఒకరు అనాలి.

ఆ రోజు నేను పందెం బరి అంచున కుడితి కుండ దించాను. పదూళ్ళ జనం చూస్తుండగా. పందెంలో అట్లా ఎవరూ చేయరు, చేనులోనే చేస్తారు. భీమయ్య పరిగెత్తుకొచ్చి కాడి దించాడు. మా ఆయన నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. ఎర్రోడు ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మా చేను దున్నాడు.

"ఇప్పుడదంత ఎందుకు యాది చేస్తున్నవు?" అన్నాడు భీమయ్య.

"ఉత్తగనే" అన్నాను.

30 జనవరి

పీర్లు ఇవాళ నదికి పోయాయి. షర్బత్ పంచాను. పండుగకు సాధన ఆపాలా వద్దా అని కోచ్ పిల్లల్నే అడిగాడట. పీర్ల పండుగకు ఆపాలా అని కూడా అడగాలా? ఈ మనిషికి తనంతట తాను ఒక మాట చెప్పడం వచ్చునా అని నా అనుమానం.

8 ఫిబ్రవరి

ఇర్ఫాన్ మెట్లెక్కుతూ గోడ పట్టుకున్నాడు. ఊరికే చెయ్యి ఆనించాడంటుంది యమున. పట్టుకున్నాడు. అట్లాగే రాయి.

9 ఫిబ్రవరి, శుక్రవారం

సాయంత్రం అసర్ నమాజు వాడు ఇంట్లోనే చదివాడు. నేను వెనక కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నాను. నమాజులో కూర్చునేటప్పుడు ఎడమకాలు మడిచి దాని మీద కూర్చుంటారు. చిన్నప్పుడు వాడికి ఆ కాలు మడవడం నేర్పింది కూడా నేనే. ఇవాళ వాడు ఎడమకాలు మడవలేదు. పక్కకు చాపి ఒరిగి కూర్చున్నాడు. లేచేటప్పుడు నేల మీద రెండు చేతులూ ఆనించాడు.

చదవడం అయ్యేదాకా ఆగాను. అయ్యాక ప్యాంటు పైకి లాగాను. మోకాలు పొంగిన రొట్టెలా ఉంది.

"ఎప్పట్నుంచి?"

"మొన్న ఆటల తాకింది. తగ్గుతది దాదీ."

"కోచ్‌కు తెల్సా?"

"తెల్సు. అడిగిండు. ఆడగల్గుతవా అని."

"నువ్వేమన్నవు?"

వాడు ప్యాంటు కిందికి లాక్కున్నాడు. "ఏమంటరు దాదీ? పద్దెనిమిదో తారీఖు ఆట ఉంది. గెలిస్తే పైకి పోతం. పట్నం నుంచి నన్ను చూడనీకె వస్తుండ్రు. ఏమంటరు?"

ఇదీ సంగతి. ఇన్నాళ్ళు నా అనుమానానికి తలా తోకా దొరకలేదు. ఇప్పుడు దొరికింది. పాతవాడు కట్టె చూపించి ఆడించేవాడు. కట్టెను చూస్తే కనీసం కోపమొస్తుంది, కోపంలో ఒకడైనా ఎదురు తిరుగుతాడు. ఈయన అడుగుతాడు. అడిగినవాడి ముందు ఆడనని చెప్పే మగపిల్లవాడు ఈ గద్వాలలో పుట్టలేదు.

11 ఫిబ్రవరి

కోచ్ దగ్గరికి పోయాను. మైదానంలో జెండాలు పాతుతున్నాడు, తనే.

"వాణ్ణి ఆపు" అన్నాను.

"డాక్టర్ని చూసి రమ్మన్నానమ్మా. పట్టీ వేశారు. ఆడతావా అని నేనే రెండుసార్లు అడిగాను. బాగుంది సార్ అన్నాడు. నా పిల్లల మాట నేను నమ్ముతాను. నమ్మకపోతే ఇక నేనెందుకు?"

"నమ్ముడు వేరే, వాని మీద ఏసుడు వేరే. రేపు కాలు పోతే వాడే అన్నడు అంటవు. తప్పు నాది అని కూడ అంటవు, మెత్తగ. కాలొస్తదా?"

ఆయన ముఖం వాడింది. అది నేను చూశాను, అబద్ధం చెప్పను. కానీ ఏమన్నాడంటే, "సరేనమ్మా, ఇంకొకసారి అడుగుతాను."

అడుగుతాడట! నేను పిల్లజెండా ఒకటి పీకి అక్కడే పారేసి వచ్చాను.

14 ఫిబ్రవరి

జమీల్‌తో గొడవ. కోచ్‌ను అందరి ముందు అంత మాట అంటావా అని అరిచాడు.

"ఈ మనిషి వచ్చినంకనే నా కొడుకు నవ్వుకుంట ఇంటికొస్తుండు అమ్మీ. నీకు కనపడదా?"

"నాకు మోకాలు కనపడుతది."

"నువ్వు దేన్నీ నమ్మవు."

"నువ్వు అందర్ని నమ్మినవు. యాడున్నది నీ మోకాలు?"

అనకూడదు. అన్నాను. వాడు చెప్పులేసుకుని నర్సింహులు హోటల్‌కు పోయాడు.

17 ఫిబ్రవరి

బియ్యం కడిగిన నీళ్ళు పారబోయలేదు. తవుడు, గంజి కలిపి కుండలో పెట్టాను. బర్రె కోసమే.

19 ఫిబ్రవరి, సోమవారం

నిన్నటిది పూర్తిగా రాయాలి. యమున రెండు పెన్నులు తెచ్చుకుంది.

నేను ఆ ఆట చూడను. నిన్న చూశాను.

మైదానం చుట్టూ జనం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. కోచ్ పేరు గుడ్డ మీద రాసి రెండు గుంజలకు కట్టారు. ఎదురు జట్టు పట్నంవాళ్ళు, నున్నటి పిల్లలు. మొదటి సగంలో ఇర్ఫాన్ ఒకటి కొట్టాడు. కొట్టి దిగినప్పుడు ఎడమకాలు నేలకు ఆనించలేదు. అందరూ ఎగిరారు. నేను మిద్దె మీద నుంచి వాడి ముఖం చూశాను. అంత దూరం కళ్ళు కనిపిస్తాయా అంటుంది యమున. కనిపించాయి. ఎర్రోడి కళ్ళు.

సగం ఆటయ్యాక కోచ్ వాడి భుజం మీద చెయ్యి వేసి వంగి ఏదో అడిగాడు. వాడు తలూపాడు. కోచ్ కూడా తలూపాడు. అడిగాడు కదా, అయిపోయింది.

నేను కిందికి దిగాను. తల మీద చుట్టకుదురు పెట్టుకుని కుడితి కుండ ఎత్తుకున్నాను. వెనక గేటు తీసుకుని నడిచాను. జనం దారి ఇచ్చారు, కుడితి మీద ఒలుకుతుందని. "రజియవ్వా, బర్రె గీడ లేదు!" అని ఎవడో అరిచాడు. నవ్వారు. సున్నపు గీత దగ్గరికి వచ్చి, గీత మీదనే కుండ దించాను. కొంగుతో ముఖం తుడుచుకుని పక్కన నిలబడ్డాను.

అప్పుడు ఏం జరిగిందో ఎవరూ నమ్మరు. చూసినవాళ్ళు ఉన్నారు.

బంతి మనవాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంది. ముందు ఒకడు కుండను చూశాడు, ధరూరు వైపు రైతు కొడుకు. ఆగిపోయాడు. వాడు చూస్తున్న వైపు ఇంకొకడు చూశాడు, వాడూ ఆగాడు. పుట్టినప్పటి నుంచి కుండ దించితే ఆగడం చూసిన కాళ్ళవి. తలకాయ ఆట అనుకున్నా కాళ్ళు చేను అనుకున్నాయి. జనంలో ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. భీమయ్యకు కనిపించదు, పక్కవాడు చెప్పినట్టున్నాడు. భీమయ్య గొంతే ముందు లేచింది:

"ఇడువుండ్రి! ఇడువుండ్రి!"

ఇక ఆ పక్కంతా అదే కేక. పట్నం పిల్లలకు కుండ ఏం తెలుస్తుంది? నిలబడ్డవాళ్ళ మధ్య నుంచి బంతి తీసుకుపోయి గోల్ కొట్టారు. ఎవడూ అడ్డం పోలేదు.

ఇర్ఫాన్ ఒక్కడే అరుస్తున్నాడు. "ఆడుండ్రి! దాదీ, పో! పో ఆడికెల్లి!" అని నా వైపు పరిగెత్తబోయి, రెండడుగులకే నేల మీద కూర్చుండిపోయాడు. మోకాలు పట్టుకుని.

కోచ్ పరిగెత్తుకొచ్చాడు. కుండ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏంటమ్మా ఇది?" అన్నాడు. పక్కనున్న నర్సింహులు సిగ్గుతో చస్తూ చెప్పాడు: "కుండ దించితే ఎడ్లను ఇడవాలె సార్. ముసల్ది, తెల్వదు..."

కోచ్ ఇర్ఫాన్ దగ్గర వంగాడు. "ఇర్ఫాన్, ఏం చేద్దామంటావు? నువ్వు..."

"అడగకు!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. "వాణ్ణి అడగకు! నువ్వు చెప్పు!"

కోచ్ అట్లాగే వంగి ఉన్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"బయటికి రా" అన్నాడు.

"సార్, నేను ఆడగల్గుత..."

"నేను అడగలేదు. బయటికి రా!"

ఆ మెత్తటి గొంతు అంత పెద్దగా లేస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇర్ఫాన్ ఏడ్చుకుంటూ వచ్చాడు. ఇంకొకణ్ణి దింపారు. చివర్లో ఇంకో గోల్ పడింది. ఓడిపోయాం. పై తరగతి లేదు. పట్నం నుంచి ఇర్ఫాన్‌ను చూడటానికి వచ్చినవాళ్ళు ఆట అయ్యేదాకా ఆగలేదు.

కుండ అక్కడే మర్చిపోయి వచ్చాను. పొద్దున భీమయ్య కొడుకు తెచ్చి గేటు బయట పెట్టాడు. కడిగే ఉంది.

20 ఫిబ్రవరి

పాలు పోయించుకునేవాళ్ళు రాలేదు. గేటు మీద ఎవరో పేడ కొట్టారు. నాకేం బాధ లేదు.

జమీల్ నిన్నంతా మాట్లాడలేదు. ఇవాళ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా ఒక మాట అన్నాడు.

"నా కాలు పోయిన దినం ఎవ్వరు కుండ తేలే అమ్మీ."

అని షాపుకు పోయాడు.

21 ఫిబ్రవరి

ఇవాళ రాయించేది ఏమీ లేదు.

22 ఫిబ్రవరి

కోచే బండి మాట్లాడి ఇర్ఫాన్‌ను కర్నూలు తీసుకుపోయాడు. నేనూ ఎక్కాను, ఎవరూ రమ్మనలేదు. డాక్టరు ఫొటో తీసి చూశాడు. లోపల నరం చిరిగిందట, తెగలేదట. కదలకుండా ఉంటే అతుక్కుంటుందట.

"ఆ ఆట మొత్తం ఆడి ఉంటే తెగేదా?" అన్నాను.

"చెప్పలేమమ్మా. తెగొచ్చు, తెగకపోవచ్చు."

ఇర్ఫాన్ నా వైపు తిరిగాడు. "విన్నవా దాదీ? తెగకపోవచ్చు అంట. ఒక్క అర్ధగంట. నా బతుకు మొత్తం ఆ అర్ధగంటల ఉండె."

దారంతా వాడు కిటికీ వైపే చూశాడు. నేను కూడా బయటికే చూశాను. వేరుశనగ చేలు. మంచి పంట.

ఇంటికొచ్చేసరికి నర్సింహులు అరుగు మీద ఉన్నాడు. క్లబ్ పెద్దలు, అదే జట్టు పెట్టిన సేట్లు, కబురు పంపారు. ఆదివారం వాళ్ళ ముందుకొచ్చి నేను తప్పు ఒప్పుకోవాలట. లేకపోతే ఇర్ఫాన్ పేరు కొట్టేస్తారట.

"చెప్పరాదు అవ్వా ఒక్క మాట, తప్పైంది అని. నోరు పోతదా?"

"నేను రాను. వాళ్ళనే రమ్మను. నా దగ్గర కేసు రాసి ఉంది, ముందు నుంచి. చదివి వినిపిస్త."

యమున నా వైపు చూసింది. ఎవరికీ చూపించేది కాదన్నావు కదా అని. అన్నాను. ఇప్పుడు చూపిస్తాను.

24 ఫిబ్రవరి

కోచ్ వచ్చాడు. కూర్చోలేదు. చాయ్ ఇస్తానని నేను అనలేదు. ఇర్ఫాన్ మంచం మీద ఉన్నాడు.

"వానలు పడేదాకా నువ్వు బంతి ముట్టవు" అన్నాడు కోచ్.

"సార్, పట్నంల ఎంపిక ఉంది. ఏప్రిల్‌ల. నన్ను అడగరా?"

"అడగను."

ఇర్ఫాన్ దిండు తీసి గోడకేసి కొట్టాడు. "మీరు కూడ పాతోని లెక్కనే అయిండ్రు" అన్నాడు. ఆ మాట కోచ్‌కు తగిలింది. గడప దాటుతూ ఒకసారి ఆగాడు, ఏదో సర్ది చెప్పబోతున్నట్టు. చెప్పకుండా పోయాడు.

ఇప్పుడు ఇర్ఫాన్ నాతోనూ మాట్లాడడు, కోచ్‌తోనూ మాట్లాడడు. నేనూ ఆ మనిషీ ఒకే పక్కన పడ్డాం. అది నాకు ఏమాత్రం నచ్చలేదు.

25 ఫిబ్రవరి, ఆదివారం

క్లబ్ పెద్దలు ఇద్దరు వచ్చారు, నర్సింహులు వచ్చాడు, భీమయ్య వచ్చాడు. కోచ్ ఎవరూ పిలవకుండానే వచ్చి చివర్లో నిలబడ్డాడు. యమున మొదటి నుంచి చదివింది. ఎడ్ల సంత దగ్గర కోచ్ తల దించుకున్నాడు. గ్లాసు కడిగిన చోట నవ్వాడు. చాయ్‌లో పాల దగ్గర నర్సింహులు "గిది కూడ రాసినవా యమునా?" అన్నాడు. జమీల్ మాట వచ్చే పేజీ యమున చదవకుండా తిప్పేసింది. నేను చెప్పలేదు, తనే తిప్పింది. జమీల్ చెయ్యి చాపి ఆ పేజీని వెనక్కి తిప్పాడు. చదవమన్నాడు. చదివింది.

అంతా అయ్యాక పెద్దల్లో ఒకాయన అన్నాడు: "బాగుంది ముసలమ్మా. కానీ ఓడిపోయింది నిజమే కద? కాలు పోయేదని రుజువేది?"

"రుజువు లేదు" అన్నాను. "రుజువుండాలంటే కాలు పోవాలె. గదిగో, గా కుర్చీల కూసున్నడు నా కొడుకు. రుజువు కావాలంటే వాని ప్యాంటు లేపి చూసుకో."

ఎవరూ చూడలేదు. కోచ్ ముందుకొచ్చి "తప్పు నాది. పిల్లవాణ్ణి అడగడం నాకు తేలిక, ఆపడమే కష్టం. నేను..." అని మొదలుపెట్టాడు.

"మల్ల గదే మాట! తప్పు ఎవ్వరిది కాదు. తప్పు కానే లేదు. కాకుండ ఆగింది. గదే రాసుకోండ్రి."

పెద్దలు గుసగుసలాడుకున్నారు. ఇర్ఫాన్ పేరు ఉంచుతారట. నేను మైదానంలోకి కుండతో రాకూడదట. సరే అన్నాను. మిద్దె మీద నుంచి చూడొద్దని వాళ్ళు అనలేదు.

ఇర్ఫాన్‌ను సాక్షిగా పెట్టలేదు. కాళ్ళు వాడివి, వాడి సాక్ష్యం చెల్లదన్నాను. వాడు ఇంకా నాతో మాట్లాడటం లేదు. ఇవాళ నమాజుకు ఎడమకాలు మడవబోయి ఆగాడు. చూస్తున్నాను.

యమున పుస్తకం చాపితే కోచ్ పెన్ను తీసుకుని, "సంతకం ఎక్కడ పెట్టమంటారమ్మా?" అన్నాడు.

"అడగకు. పెట్టు" అన్నాను.

పైన రాయించినదంతా నేను, రజియాబీ, అబ్దుల్ ఖాదర్ భార్యను, నా నోటితో చెప్పింది. నేను నేరం జరుగుతుందని కేసు మొదలుపెట్టాను. నేరం జరగలేదు. జరగలేదనడానికి వీళ్ళు సాక్షులు.

రజియాబీ ఎడమచేతి బొటనవేలి నిశానీ

సాక్షులు:
భీమయ్య, వేలిముద్ర
జమీల్, సంతకం
ఆశీర్వాదం, సంతకం (వరస తప్పించి, అన్నిటికన్నా కింద, చాలా చిన్నగా పెట్టాడు. ఎందుకో కనుక్కోవాలి.)

రాసింది: యమున